పర్లాకిమిడి చిన్న రైలు ‘ఒరిజినల్ డ్రాయింగ్’ అంటే డబ్బులు పంపకండి

రైలు మోడళ్లు చేసుకునే పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం మిత్రులారా, జాగ్రత్త. నౌపడా–గుణుపురం లైను ఆవిరి ఇంజనుకి ‘1931 నాటి అసలు డ్రాయింగ్, దాన్ని బట్టి చేసిన మోడల్’ అని ఒకాయన ఆన్‌లైన్లో అమ్ముతున్నాడు. 14,500 రూపాయలు ముందే పంపేశాను. రెండూ నకిలీవే.

మా నాన్న పాతపట్నం నుంచి హైస్కూలుకి ఆ బండిలోనే వచ్చేవారు. 2004లో చిన్న లైను ఆగిపోయిన రోజు ఆయన అన్నం తినలేదు. డెబ్బై అయిదో పుట్టినరోజుకి ఆ ఇంజను చేసిద్దామన్న ఆత్రంలో నేను ఏదీ సరిచూసుకోలేదు.

కాగితం పసుపెక్కి ఉంటుంది, చూడగానే నమ్ముతాం. కింద కుడి మూలన పేరూ తేదీ ఉండే గడి చదవండి. ‘సౌత్ ఈస్టర్న్ రైల్వే’ అని ముద్ర. ఆ రైల్వే పుట్టిందే 1955లో! కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి. 1931లో మన దగ్గర అడుగులూ అంగుళాలే, మెట్రిక్ కొలతలు వచ్చింది 1950ల చివర్లో. పర్లాకిమిడి పేరు పక్కన ‘ఒరిస్సా’ అని ఉంది. అప్పటికి పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. ఒరిస్సాలో కలిసింది 1936 ఏప్రిల్ 1న. మన ఊళ్లో పెద్దవాళ్లనెవరినడిగినా చెప్పేవాళ్లు, నేనే అడగలేదు.

మోడల్ ఇంకా ఘోరం. 1:87 స్కేలు, అంటే అసలు ఇంజనులో 87వ వంతు అన్నాడు. మన లైను గేజి (రెండు పట్టాల మధ్య దూరం) రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 8.76 వస్తుంది, అందుకే 9 మిల్లీమీటర్ల ట్రాక్ వాడతాం. వచ్చిన ఇంజను చక్రాలు 16.5 మిల్లీమీటర్ల ట్రాక్ మీద కూర్చున్నాయి. దాన్ని 87తో గుణిస్తే 1,435, యూరప్ గేజి. మన బ్రాడ్‌గేజి 1,676 కూడా కాదు. గోటితో గీకితే నల్ల రంగు కింద ఆకుపచ్చ బయటపడింది. ఏదో విదేశీ బొమ్మకి రంగేసి పంపాడు.

ఫోన్ చేస్తే నంబరు బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫిర్యాదు ఇచ్చాను. మీకూ ఇలాగే జరిగితే ఆలస్యం చేయకుండా చేయండి. కొనేముందు ఆ మూల గడి ఫొటో, చక్రాల మధ్య స్కేలు పెట్టి తీసిన ఫొటో అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి.

పాతపట్నం, కాశీనగర్ వైపు ఎవరింట్లోనైనా ఆ ఇంజను పక్క నుంచి, చక్రాలన్నీ కనబడేలా ఫొటో ఉంటే స్కాన్ చేసి పంపండి. ఏ సంవత్సరంలో తీసిందో కూడా రాయండి. అసలు ఫొటో మీ దగ్గరే ఉంచుకోండి. నాన్న పుట్టినరోజుకి ఇంకా నాలుగు నెలలుంది.