చెల్టెన్‌హామ్ అల్టిమా చేజ్‌లో ఈచ్‌వే పందెం: ఏళ్ల తరబడి ఆడాక నా సమీక్ష

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లలో రేసుల పిచ్చి ఉన్నవాళ్లు మార్చి రాగానే నన్ను అడిగే మొదటి మాట, "అన్నా, చెల్టెన్‌హామ్‌లో ఏ గుర్రం మీద పెట్టమంటావ్?" అని. గుర్రం సంగతి తర్వాత, ముందు పందెం కంపెనీ ఎన్ని ప్లేసులకు (అంటే మొదటి ఎన్ని స్థానాలకు) డబ్బిస్తోందో, ధరలో (ఆడ్స్‌లో) ఎన్నో వంతు ఇస్తోందో చూడమంటాను. చెల్టెన్‌హామ్ రేసుల ఫెస్టివల్ మొదటి రోజు మంగళవారం జరిగే అల్టిమా హ్యాండిక్యాప్ చేజ్ (కంచెలు దూకే రేసు)లో నేను చాలా ఏళ్లుగా ఈచ్‌వే, అంటే గెలుపు మీదా ప్లేసు మీదా కలిపి పెట్టే పందెం, మాత్రమే ఆడుతున్నాను. ఆ పందెం మీద నా అభిప్రాయం అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

రేసు గురించి రెండు ముక్కలు. దూరం 3 మైళ్ల 1 ఫర్లాంగ్, అంటే దాదాపు 5 కిలోమీటర్లు. దూకాల్సిన కంచెలు 20. గరిష్ఠంగా 24 గుర్రాలు పరిగెత్తవచ్చు. మలక్‌పేటలో మా బాబాయి పక్కన నిలబడి నేను చూసినవన్నీ ఫ్లాట్ రేసులే, అక్కడ కంచెలు ఉండవు. ఇక్కడ గుర్రం పడిపోవచ్చు, జాకీ జారిపడవచ్చు, గుర్రం అలిసిపోతే జాకీ మధ్యలోనే ఆపేయవచ్చు. రేస్‌కార్డులో గుర్రం పేరు పక్కన కనిపించే ఎఫ్, యూ, పీ అక్షరాలు వీటికి గుర్తులే. ఈ మూడింటిలో ఏది జరిగినా మీ పందెం పోయినట్టే, ఒక్క పైసా వెనక్కి రాదు.

ఇక హ్యాండిక్యాప్ అంటే, బాగా పరిగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువదానికి తక్కువ బరువు వేసి అందరినీ ఒక గీత మీదకు తేవాలని చూడటం. రేటింగ్‌లో ఒక పాయింటుకు ఒక పౌండు బరువు. ఆ పని అధికారికంగా చేసే హ్యాండిక్యాపర్లు ఆషామాషీ మనుషులు కారు. అందుకే ఇలాంటి రేసులో గెలిచే గుర్రాన్ని కచ్చితంగా పట్టడం మహా కష్టం. ఫేవరెట్ (గెలుస్తుందని అందరికంటే ఎక్కువమంది నమ్మే గుర్రం) కూడా చాలాసార్లు 5/1, 6/1 (పౌండు పెడితే 5, 6 పౌండ్ల లాభం) దగ్గర ఉంటుందంటేనే ఎంత పోటీయో అర్థం చేసుకోవచ్చు.

ఈచ్‌వే అంటే నిజానికి రెండు పందేలు. 5 పౌండ్ల ఈచ్‌వే అంటే జేబులోంచి 10 పౌండ్లు పోతాయి: 5 గెలుపు మీద, 5 ప్లేసు మీద. 16 లేదా అంతకంటే ఎక్కువ గుర్రాలు పరిగెత్తే హ్యాండిక్యాప్‌లో మామూలు నిబంధన నాలుగు ప్లేసులు, ధరలో నాలుగో వంతు. మీ గుర్రం 16/1 అనుకోండి. మూడో స్థానంలో వచ్చింది. గెలుపు మీద పెట్టిన 5 పోయింది. ప్లేసు మీద పెట్టిన 5కి 4/1 చొప్పున 20, దాంతోపాటు అసలు 5, మొత్తం 25 చేతికొస్తాయి. అంటే 15 పౌండ్లు లాభం.

ఫెస్టివల్ రోజుల్లో కంపెనీలు పోటీపడి ఐదు ప్లేసులు, ఆరు ప్లేసులు అని ఊరిస్తాయి. చాలాసార్లు పక్కనే చిన్న అక్షరాల్లో ఐదో వంతు అని ఉంటుంది. అదే 16/1 గుర్రం ఐదో వంతు లెక్కన ప్లేసు కొడితే 25కి బదులు 21 వస్తాయి. అంటే ఐదో స్థానం, ఆరో స్థానం కోసం మీరు 4 పౌండ్లు వదులుకుంటున్నారన్నమాట. ఇది మంచి బేరమా కాదా అన్నది గుర్రం ధరను బట్టి ఉంటుంది. 20/1, 25/1 గుర్రాలకైతే నేను కళ్లు మూసుకుని ఎక్కువ ప్లేసులు తీసుకుంటాను, ఎందుకంటే అలాంటి గుర్రం గెలవడం కంటే ఐదో ఆరో కావడానికే అవకాశం ఎక్కువ. 8/1 లోపు గుర్రాలకు నాలుగో వంతు, నాలుగు ప్లేసులే నయం. ఇక 4/1 ఫేవరెట్‌ను ఐదో వంతుకు ఈచ్‌వే ఆడటం అంత దండగ ఇంకోటి లేదు. అది రెండో స్థానంలో వచ్చినా మీరు పెట్టిన 10లో 9 తిరిగొస్తాయి. గుర్రం ప్లేసు కొట్టినా మీకు నష్టమే.

ఈ పందెం గొప్పతనం ఏమిటో అర్థం కావాలంటే వింటేజ్ క్లౌడ్స్ అనే గుర్రం చరిత్ర చూడాలి. స్యూ స్మిత్ శిక్షణ ఇచ్చిన గుర్రం అది. 2018 అల్టిమాలో మూడో స్థానం. 2019లో బివేర్ ద బేర్ వెనక రెండో స్థానం. గెలుపు మీదే పెట్టినవాళ్లకు రెండేళ్లూ సున్నా, ఈచ్‌వే పెట్టినవాళ్లకు రెండేళ్లూ డబ్బులు. 2021లో, కోవిడ్ వల్ల స్టాండ్స్ ఖాళీగా ఉన్న ఏడాది, పదకొండేళ్ల వయసులో అదే గుర్రం 28/1కి గెలిచింది. పదకొండేళ్ల గుర్రాన్ని ఈ రేసులో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కానీ ఈ ట్రాక్ అందరికీ నప్పేది కాదు. దిగుడులో కంచె దూకాలి, ఆ తర్వాత గెలుపు గీత దాకా కొండ ఎక్కాలి. ఆ ఎక్కుడులో చాలా గుర్రాలు ఆగిపోయినట్టే కనిపిస్తాయి. అక్కడ ఒకసారి బాగా పరిగెత్తిన గుర్రం మళ్లీ పరిగెత్తుతుంది అన్నది నేను గట్టిగా నమ్మే విషయం. 2016, 2017 రెండేళ్లూ అన్ తాం పూర్ తూ గెలిచింది. 2022, 2023 రెండేళ్లూ కొరాక్ రాంబ్లర్ గెలిచింది.

కొరాక్ రాంబ్లర్ దగ్గర కాస్త ఆగాలి. స్కాట్లండ్‌లో లుసిండా రస్సెల్ తయారుచేసిన గుర్రం, జాకీ డెరెక్ ఫాక్స్. 2022లో చాలాసేపు వెనకే ఉంచి, గుంపు సందుల్లోంచి తీసుకొచ్చి, ఆ చివరి ఎక్కుడులో అందరినీ దాటించాడు. ఆ రోజు దాని రేటింగ్ 140, మరుసటి ఏడాది 146. అయినా మళ్లీ గెలిచింది, మెడ తేడాతో. రెండో స్థానంలో వచ్చిన ఫాస్టర్‌స్లో కొద్ది వారాలకే ఐర్లండ్‌లోని పంచెస్‌టౌన్ గోల్డ్ కప్‌లో గాలోపాన్ దె షాం లాంటి ఛాంపియన్‌నే ఓడించింది. అంటే హ్యాండిక్యాప్‌లో పరిగెత్తుతున్నది నిజానికి గ్రేడ్ వన్ (అత్యున్నత స్థాయి) గుర్రం! ఇంకో సంగతి. గ్రాండ్ నేషనల్ బరువులు ఫిబ్రవరిలోనే ఖరారైపోతాయి, మార్చిలో గెలిచినా అవి పెరగవు. అందుకే కొరాక్ రాంబ్లర్ ఆ ఏప్రిల్‌లో ఎయింట్రీ రేస్‌కోర్సులో 10 స్టోన్ల 5 పౌండ్ల (దాదాపు 66 కిలోల) బరువుతోనే పరిగెత్తి 8/1 ఫేవరెట్‌గా గ్రాండ్ నేషనల్ కొట్టింది. అల్టిమా జాగ్రత్తగా చూసినవాళ్లకు అది తయారుగా ఉన్న సమాధానం.

ఎప్పుడు పెట్టాలి? జనవరిలో పెట్టే యాంటీ-పోస్ట్ పందెం నేను ఆడను. గుర్రం అసలు రేసుకే రాకపోతే డబ్బు పోతుంది. గుర్రం రాకపోతే డబ్బు తిరిగిస్తామనే నాన్-రన్నర్ నో బెట్ అని కంపెనీ స్పష్టంగా రాస్తేనే ఆలోచించాలి. అంతిమ జాబితా ఆదివారం వస్తుంది. అప్పటికి ఎన్ని గుర్రాలో, నేల ఎంత మెత్తగా ఉందో తెలుస్తుంది. నేను సోమవారం సాయంత్రం దాకా ఆగి, మంగళవారం పొద్దున పెడతాను. ఆఖరి ధర ఎక్కువైతే ఎక్కువదే ఇస్తామనే బెస్ట్ ఆడ్స్ గ్యారంటీడ్ ఉన్న చోట పెడితే ధర పెరుగుతుందేమోనన్న టెన్షన్ ఉండదు.

చివరి నిమిషంలో గుర్రాలు తప్పుకుంటే రెండు దెబ్బలు తగలొచ్చు. ఒకటి రూల్ ఫోర్: తప్పుకున్న గుర్రం ధర 6/1 నుంచి 9/1 మధ్య ఉంటే మీ లాభంలో పౌండుకు 10 పెన్నీలు కోస్తారు, 14/1 దాటితే కోత లేదు. రెండోది చాలామంది గమనించరు. మామూలు నిబంధనల మీద ఆడితే, 16 గుర్రాలు 15 అయిన క్షణాన నాలుగు ప్లేసులు మూడైపోతాయి. నాలుగో స్థానంలో వచ్చిన మీ గుర్రానికి ఏమీ రాదు. అల్టిమాలో సాధారణంగా 20 దాటే ఉంటాయి కాబట్టి ఈ ప్రమాదం తక్కువ. ఇలాంటి బేరానికి నేను ఈ రేసునే ఎంచుకోవడానికి అది పెద్ద కారణం.

ఇప్పుడు నాకు నచ్చనిది. అదనపు ప్లేసులు, మంచి ధరలు క్రమం తప్పకుండా పట్టుకుంటూ పోతే కొన్ని కంపెనీలు ఊరుకోవు. ఒకచోట నా ఖాతాలో పందెం పరిమితి చిల్లరకు దించేశారు. కారణం అడిగితే అది వ్యాపార నిర్ణయం అని ఒక ముక్కలో ముగించారు. ఓడిపోయేవాడికి బోనస్‌లు పంపి, కాస్త లెక్క తెలిసినవాడికి తలుపు వేయడం న్యాయం కాదు. అప్పటి నుంచి వీలైనంతవరకు రేస్‌కోర్సులోనే, బుకీల వరుస దగ్గర ఆడుతున్నాను. అక్కడ ఒక్కో బుకీ బోర్డు మీద ఈచ్‌వే నిబంధన ఒక్కో రకంగా ఉంటుంది, పక్కపక్కనే ఉన్న ఇద్దరు కూడా వేరువేరుగా ఇస్తారు. ధర చూసేముందు ఆ వరుస చదవండి. చీటీ చేతికి రాగానే గుర్రం పేరు, ధర, మొత్తం అక్కడే సరిచూసుకోండి. టోట్ (అందరి పందేల డబ్బు ఒకచోట చేర్చి, గెలిచినవాళ్లకు పంచే పద్ధతి) కూడా ఉంది, 16 లేదా అంతకంటే ఎక్కువ గుర్రాలున్న హ్యాండిక్యాప్‌లో నాలుగు ప్లేసులకు ఇస్తుంది. కానీ డబ్బెంతో రేసు అయ్యాకే తెలుస్తుంది. నాకు అది పడదు.

లాభం ఎంత అని అడుగుతారు. ఇది సంపాదన మార్గం కాదు. ఎన్నో మంగళవారాలు నా గుర్రం తొమ్మిదో పదో స్థానంలో వచ్చి ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. ఏడాది మొదట్లో ఫెస్టివల్‌కు ఇంత అని పక్కన పెడతాను, అది అయిపోతే ఇక ఆడను. ఖాతాలో డిపాజిట్ లిమిట్ తప్పనిసరిగా పెట్టుకోండి. చేయి దాటుతోందనిపిస్తే గామ్‌స్టాప్‌లో (తనను తాను పందేల నుంచి దూరం పెట్టుకునే బ్రిటిష్ సేవలో) నమోదు చేసుకుంటే లైసెన్సు ఉన్న బ్రిటిష్ సైట్లన్నీ ఒకేసారి మూసుకుంటాయి, ఆరు నెలలు, ఏడాది లేదా ఐదేళ్లు. ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో ఆడొచ్చా అని అడిగేవాళ్లు దయచేసి ఆ ఆలోచన మానండి. తెలంగాణ 2017లోనూ ఆంధ్రప్రదేశ్ 2020లోనూ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి.

ఇంకో మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఈ రేసుల్లో గుర్రాలు చనిపోతాయి. కంచె దగ్గర గాయపడిన గుర్రం చుట్టూ ఆకుపచ్చ తెరలు లేచినప్పుడు నా చీటీ ఏమైందన్నది నాకు గుర్తు రాదు. గ్రాండ్ నేషనల్‌లో 2024 నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు. అలా చేయడం వల్ల పందెం ఆకర్షణ తగ్గిందని గొణిగేవాళ్లతో నేను ఏకీభవించను.

ఈచ్‌వే అలవాటైనవాళ్లు అదే ఊపులో శుక్రవారం చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్‌లో కూడా ఆడేస్తుంటారు. అది హ్యాండిక్యాప్ కాదు, కాబట్టి ఎనిమిదికి తగ్గకుండా ఎన్ని గుర్రాలున్నా మామూలుగా మూడు ప్లేసులు, ఐదో వంతే. అక్కడ నేను నచ్చిన గుర్రాన్ని గెలుపు మీదే ఆడతాను, లేదంటే చేతులు కట్టుకుని రేసు చూస్తాను.