లీకుల్లో పలుచదనం సరే, అడుగు మూత సంగతేమిటి?

ఆపిల్ నుంచి రాబోయే మ్యాక్‌బుక్ ప్రో ల్యాప్‌టాప్‌కి ఓఎల్ఈడీ తెర, అంటే ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర, వస్తుందట, వేలితో తాకినా పనిచేస్తుందట, ఒళ్లు ఇంకా పలుచబడుతుందట. తెరలోనే కంప్యూటర్ ఇమిడి ఉండే ఐమ్యాక్ పెద్ద సైజులో మళ్లీ వస్తుందట. శ్రీకాకుళంలో పెళ్లి ఫొటోలు, వీడియోలు తీసేవాళ్లం నలుగురం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీకి కలిస్తే ఈమధ్య మాట ముందే బయటికి పొక్కిన ఈ లీకుల మీదకే వెళ్తోంది. ఒకరు ఆగుదామంటారు, ఇంకొకరు ఇవన్నీ గాలి కబుర్లంటారు. నేను ఏళ్లుగా ఒక సన్నటి ల్యాప్‌టాప్, ఒక అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మీద ఆధారపడి బతుకుతున్నవాణ్ణి. ఆ రెండూ పనిలో నలిగి ఏం చూపించాయో, దాన్నిబట్టే కొత్త డిజైన్ల మీద నా అభిప్రాయం.

ల్యాప్‌టాప్ 2019లో తీసుకున్నాను. కంపెనీ పేరు రాయను. నేను చెప్పబోయే ఇబ్బందులు సన్నటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఉన్నవే. ముందు మంచి చెప్పాలి. తెర రంగులు ఇప్పటికీ బాగున్నాయి. బరువు తక్కువ కాబట్టి కెమెరా బ్యాగులోనే పట్టేస్తుంది, టెక్కలి పెళ్లికైనా కవిటి పెళ్లికైనా వేరే సంచి మోయనక్కర్లేదు. తలంబ్రాలు అయ్యాక విడిదిలో ఓ మూల కూర్చుని కార్డుల్లో ఉన్నదంతా రెండు హార్డ్ డిస్కుల్లోకి దింపుకోవడం నా అలవాటు. కార్డు పాడైతే ఆ పెళ్లి మళ్లీ తీయలేం కదా. ఆ పనిలో ఈ ల్యాప్‌టాప్ ఎన్నో తెల్లవారుజాముల్లో నాకు తోడుంది.

మొదట దెబ్బతిన్నవి హింజులు. తెరను పట్టి ఉంచే ఇనుప హింజును ప్లాస్టిక్‌లో దిగ్గొట్టిన చిన్న ఇత్తడి గొట్టాల్లోకి మరలతో బిగిస్తారు. తెర ఊగకూడదని హింజును గట్టిగా పెడతారు. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా పలచటి ప్లాస్టిక్ మీదే పడుతుంది. వారంటీ అయిపోయాక ఒకరోజు ఎడమవైపు టక్కుమంది. మా ఊరి మెకానిక్ జిగురు పోసి నిలబెట్టాడు, అది ఇప్పటికీ నడుస్తోంది. తర్వాత బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. లిథియం బ్యాటరీ వేడిలో, ఎప్పుడూ చార్జర్‌కి తగిలించి ఉంచితే త్వరగా ముసలిదవుతుంది, లోపల గ్యాస్ చేరి ఉబ్బుతుంది. మే నెలలో మా స్టూడియోలో వేడికి కొరత లేదు. సన్నటి ఒంట్లో ఆ ఉబ్బుకి జాగా ఉండదు. విశాఖ వెళ్లి మార్పించుకు వచ్చాను. వంద కిలోమీటర్లు పైనే, పైగా ఒక రోజు పని పోయినట్టే.

వీటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ర్యామ్, అంటే తెరిచిన ఫైళ్లను పని జరుగుతున్నంతసేపు పెట్టుకునే జాగా. 8 జీబీ, బోర్డుకే అతికించి ఉంది. మేం వేసే ఆల్బమ్ షీటు 12 అంగుళాలు ఇంటూ 36 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున (300 డీపీఐ) అది 3,600 ఇంటూ 10,800 పిక్సెళ్లు. ఒక్క లేయరే వంద ఎంబీ దాటుతుంది. దాని మీద పదిహేను ఫొటోలు, బ్యాక్‌గ్రౌండు, పూల బోర్డరు పడ్డాయంటే 8 జీబీ ఏ మూలకూ చాలదు. ఫొటోషాప్ డిస్కును వాడుకోవడం మొదలుపెడుతుంది, మనం కూర్చుని చూస్తూ ఉంటాం. ప్రాసెసర్‌లో ఇంకా సత్తువ ఉంది, తెర బాగుంది. అయినా ర్యామ్ పెంచే దారి లేక ఆ యంత్రాన్ని ఆల్బమ్ పనికి పక్కన పెట్టాల్సి వచ్చింది.

డెస్క్‌టాప్ కథ వేరు. దాని కేబినెట్ ఎప్పటిదో, ముందున్న స్విచ్ అక్షరాలు కూడా అరిగిపోయాయి. లోపల మదర్‌బోర్డు మారింది, ర్యామ్ పెరిగింది, హార్డ్ డిస్కు పోయి దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ వచ్చింది, పవర్ సప్లై ఒకసారి కాలిపోతే అదీ మార్చాను. ఏ భాగం పోతే ఆ భాగమే మార్చుకున్నాను, మిగతావి కదల్లేదు. దీనికి కారణం 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతలు. బోర్డు మరల కన్నాలు ఎక్కడ ఉండాలి, పవర్ సప్లై ఎంత ఉండాలి అన్నది అందరూ ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఏ కంపెనీ బోర్డైనా ఏ కంపెనీ డబ్బాలోనైనా కూర్చుంటోంది. ల్యాప్‌టాప్‌లకు అలాంటి ఒప్పందం ఏదీ రాలేదు. రాబోయే ల్యాప్‌టాప్‌ల గురించి నేను ఆశగా వెతికే వార్త ఏదైనా ఉందంటే అది ఇదే.

ఇప్పుడు వదంతుల సంగతి. వీటిని గాలి కబుర్లని కొట్టిపారేయలేం. 2021 జనవరిలోనే మ్యాక్‌బుక్ ప్రోకి అయస్కాంతంతో అంటుకునే మ్యాగ్‌సేఫ్ చార్జరు, పాత పోర్టులు తిరిగి వస్తాయని చెప్పుకున్నారు, అక్టోబరులో అలాగే వచ్చాయి. తెర లేకుండా చిన్న డబ్బాలా ఉండే మ్యాక్ మినీ ఇంకా చిన్నదవుతుందన్న మాట 2024లో నిజమైంది. అలాగని అన్నీ నమ్మలేం. మ్యాక్‌బుక్ ఎయిర్‌కి తెర చుట్టూ తెల్ల అంచులు వస్తాయని బొమ్మలు కూడా గీసి చూపించారు. 2022లో వచ్చినది నల్ల అంచులతోనే ఉంది. అందుకే నేను లీకు నిజమా అబద్ధమా అని తలబద్దలు కొట్టుకోను. అది నిజమైతే యంత్రంలోంచి ఏం పోతుంది అన్నది చూస్తాను.

2016 దీనికి పెద్ద ఉదాహరణ. ఆ ఏడాది మ్యాక్‌బుక్ ప్రోని పలుచన చేస్తూ కెమెరా కార్డు పెట్టే ఎస్‌డీ కార్డు స్లాటు, టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ పోర్టు, మ్యాగ్‌సేఫ్ తీసేశారు. ఎక్కువ మోడళ్లలో ఫంక్షన్ కీల చోట టచ్ బార్ అనే సన్నటి తాకే పట్టీ పెట్టారు. కీలు కూడా సీతాకోకచిలుక పేరుతో పలచటివి వేశారు. అవి సన్నటి దుమ్ముకే మొరాయించడంతో 2018లో ఆపిల్ ఉచితంగా బాగుచేసే పథకం ప్రకటించాల్సి వచ్చింది. 2019 చివర్లో పాత తరహా కీలు తిరిగొచ్చాయి. 2021లో కార్డు స్లాటూ హెచ్‌డీఎంఐ మ్యాగ్‌సేఫూ తిరిగొచ్చాయి, ఆ కొత్త ప్రోల్లోంచి టచ్ బార్ పోయింది. యంత్రం కొంచెం మందమైంది. ఆ మందం చూసి బాధపడిన ఫొటోగ్రాఫర్ ఒక్కరూ నాకు తగల్లేదు. మధ్యలో ఐదేళ్లు జనం ఆ పోర్టుల లోటు తీర్చే చిన్న అడాప్టర్లు, అంటే డాంగిళ్లు, మోశారు. మండపంలో డాంగిల్ ఎక్కడో జారిపోతే అర్ధరాత్రి ఎవరి దగ్గర కార్డ్ రీడర్ ఉందా అని వెతుక్కోవడం ఎంత టెన్షనో పెళ్లిళ్లు తీసేవాళ్లకు తెలుసు.

అందుకే ఇంకా పలుచబడుతుందన్న మాట వినగానే నాకు మొదట గుర్తొచ్చేది కార్డు స్లాటు. కెమెరాలు సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన కొత్త తరహా కార్డుల వైపు వెళ్తున్నాయి కాబట్టి ఎస్‌డీ అక్కర్లేదని మా వాళ్లలో కొందరు వాదిస్తారు. ఖరీదైన కెమెరాల మాట అది. మా జిల్లాలో చేతుల్లో ఉన్న కెమెరాల్లో, డ్రోన్లలో ఎక్కువగా తిరుగుతున్నవి ఎస్‌డీ, మైక్రో ఎస్‌డీ కార్డులే. మరికొన్నేళ్లు అవే ఉంటాయి.

ఓఎల్ఈడీ మీద నా మనసు రెండు వైపులా లాగుతుంది. నలుపు నిజంగా నలుపుగా కనిపిస్తుంది. రథసప్తమికి అరసవల్లిలో రాత్రి తీసిన ఫొటోల్లో దీపాల వెలుగు, వెనక చీకటి ఆ తెర మీద ఎంత బాగుంటాయో ఊహించగలను. 2024 ఐప్యాడ్ ప్రోలో రెండు పొరలు ఒకదాని మీద ఒకటి పెట్టిన ఓఎల్ఈడీ వాడారు, దానివల్ల వెలుతురు పెరిగింది, ఒక్కో పొర మీద భారం తగ్గింది. కానీ మా తెర మీద రోజంతా కదలకుండా ఉండేవి ఫొటోషాప్ టూల్ పట్టీలు. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలుగుతుంది, ఎక్కువ వెలిగినది ముందుగా అరుగుతుంది. ఒకేచోట గంటల తరబడి అవే గీతలుంటే మచ్చలా నిలిచిపోయే ప్రమాదం ఉంది. పైగా మా పని చివరికి కాగితం మీద అచ్చవుతుంది. ఆ నిగనిగ చూసి ఫొటోని చీకటిగా వదిలేస్తే ల్యాబ్ నుంచి ఆల్బమ్ ఇంకా చీకటిగా వస్తుంది. సినిమాలు చూసేవారికి ఇది వరం. ఆల్బమ్ వేసేవారు తొందరపడకుండా మొదటివాళ్లు ఓ రెండేళ్లు వాడాక ఏమంటారో వినాలి.

టచ్ సంగతి తేలిక. 2010లోనే స్టీవ్ జాబ్స్ నిలువుగా నిలబడ్డ తెరను తాకుతూ పనిచేస్తే చేయి నొప్పి పుడుతుందని వేదిక మీద చెప్పారు. నా అనుభవమూ అదే, మా స్టూడియోలో ఒక టచ్ ల్యాప్‌టాప్ ఉండేది, పెళ్లివారికి ఫొటోలు చూపించి ఎంపిక చేయించడానికి తప్ప దాని టచ్ వాడలేదు. ఆ ఒక్క పనికి మాత్రం బాగుంది. పెళ్లికూతురి అమ్మమ్మ కూడా వేలితో జరుపుకుంటూ చూసి నచ్చినవి చెప్పేది. కానీ తాకే తెరకు తగ్గట్టు హింజు ఇంకా బిగుతుగా ఉండాలి. మళ్లీ ఆ బలం దేని మీద పడుతుందో చూసుకోవాలి.

ర్యామ్ అతికించడానికి కంపెనీలకు ఒక న్యాయమైన కారణం ఉంది, దాన్ని దాచకూడదు. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి పొట్టిగా ఉంటే వేగం పెరుగుతుంది, కరెంటు తక్కువ తాగుతుంది. ఆపిల్ ఎం1 ప్రాసెసర్ నుంచి అదే పద్ధతి, అందుకే ఫ్యాను లేని ఎయిర్ కూడా అంత పనిచేస్తుంది. ఇంటెల్ కూడా 2024లో లూనార్ లేక్ అనే చిప్‌లో ర్యామ్‌ను ప్రాసెసర్ పక్కనే పెట్టింది. అయితే వేరే దారి కూడా కనిపెట్టారు. క్యామ్2 అనే బిళ్లలాంటి ర్యామ్‌ను మరలతో బోర్డు మీద బిగిస్తారు, దానికి 2023 డిసెంబరులో ప్రమాణం కూడా ఖాయమైంది. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో ఆ తరహా ర్యామే వచ్చింది. వేగమూ ఉంది, మార్చుకునే వీలూ ఉంది. ఇది ఖరీదైన ల్యాప్‌టాప్‌లోంచి మామూలు ల్యాప్‌టాప్‌లోకి దిగి రావడం, నా దృష్టిలో ఓఎల్ఈడీ కంటే వంద రెట్లు పెద్ద వార్త. దాని మీద లీకులు రాసేవాళ్లే తక్కువ.

చార్జింగ్ విషయంలో మాత్రం కొత్త డిజైన్లు మనకు నిజంగా మేలు చేస్తున్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ఇవ్వాల్సిన ఆల్బమ్‌లు పక్కన పెట్టి కూర్చున్నారు. అప్పటి ల్యాప్‌టాప్ చార్జర్లు ఒక్కో కంపెనీకి ఒక్కో పిన్ను. ఇప్పుడు టైప్-సీతో చార్జయ్యే ల్యాప్‌టాప్ అయితే కారు చార్జరు మీదా, పెద్ద పవర్ బ్యాంకు మీదా, పక్కవాడి చార్జరుతోనూ నిలబడుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 2026 ఏప్రిల్ 28 నుంచి కొత్త ల్యాప్‌టాప్‌లకు ఇది చట్టమే. తుపాన్లతో బతికే జిల్లాకు ఇంతకంటే పనికొచ్చే మార్పు ఇంకోటి నాకు కనపడలేదు.

డెస్క్‌టాప్‌ల వైపు అద్దాల డబ్బాలు, తీగలన్నీ బోర్డు వెనక్కి పోయే బోర్డులు వస్తున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి, దుమ్ము తుడవడం కూడా తేలికే. గ్రాఫిక్స్ కార్డులు తాగే కరెంటు చూస్తేనే నాకు భయం. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 కార్డు ఒక్కదానికే 450 వాట్లు. చాలా స్టూడియోల్లో ఉండే 600 వీఏ యూపీఎస్ మొత్తం ఇవ్వగలిగేది అంతకంటే తక్కువే, 600 వీఏ అంటే 600 వాట్లు కాదు. ఇక పెద్ద ఐమ్యాక్. పాత 27 అంగుళాల దానికి వెనక చిన్న తలుపు ఉండేది, అది తెరిచి ర్యామ్ మనమే వేసుకునేవాళ్లం. 2022లో అది ఆగిపోయింది. 2021లో వచ్చిన 24 అంగుళాల ఐమ్యాక్ మందం 11.5 మిల్లీమీటర్లే, హెడ్‌ఫోన్ పిన్ను వెనక నుంచి పట్టక పక్కకు పెట్టారు. దానికి ఆ తలుపు లేదు. పెద్దది మళ్లీ వస్తే, వెనక తలుపుతో వస్తుందా అన్నదే నేను అడిగేది. తలుపు లేకపోతే మంచి తెరతో పాటు పాతబడే ర్యామ్‌ను కూడా కలిపి కొన్నట్టే. మ్యాక్ మినీ ఒకటి, విడిగా మంచి మానిటర్ ఒకటి కొనుక్కోవడం మేలు. మినీ పాతబడ్డా మానిటర్ మిగులుతుంది.

మా స్టూడియోలో పనిచేసిన తమ్ముడు ఈమధ్య సొంతంగా దుకాణం పెట్టాడు. "అన్నయ్యా, ఆ కొత్త టచ్‌ది వచ్చేదాకా ఆగమంటావా, ఇప్పుడే కొనీమంటావా?" అని అడిగాడు. "ఏటి ఆగడంరా, మాఘం ముహూర్తాలు నీ కోసం ఆగుతాయేటి?" అన్నాను. సీజన్ ముందు పని చేసే యంత్రం చేతిలో ఉండాలి. అప్పు తీరేలోపు అది తన ఖర్చు తాను సంపాదించుకుంటుంది. కొత్తది వస్తే వచ్చిన ఏడాదికి దాని లోపాలు బయటపడతాయి, అప్పుడు చూసుకోవచ్చు.

వాడికి నేను చెప్పిన కొలతలు ఇవి. ర్యామ్ మార్చే వీలుంటే 16 జీబీ చాలు, తర్వాత పెంచుకుంటావు. అతికించినదైతే 32కి తక్కువ వద్దు, దాని కోసం ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగినా ఫర్వాలేదు. కార్డు స్లాటు ఉంటే మంచిది, లేకపోతే కార్డ్ రీడర్లు రెండు కొని ఒకటి బండిలోనే ఉంచు. టైప్-సీ చార్జింగ్ తప్పనిసరి. దుకాణంలో తెర తళతళ చూసి రాకుండా మూత ఒక చేత్తో తెరిచి మూసి చూడు, హింజు దగ్గర ప్లాస్టిక్ కదులుతోందేమో గమనించు. అడుగు మూతకు మామూలు మరలున్నాయా, లోపల బ్యాటరీ మరలతో ఉందా జిగురుతో ఉందా అని అడుగు. ఫ్రాన్స్‌లో 2021 నుంచి ల్యాప్‌టాప్ అమ్మేచోట దాన్ని బాగుచేయడం ఎంత తేలికో పదికి మార్కులు వేసి చూపించాలి. మనకు దుకాణంలో ఆ చీటీ లేదు కాబట్టి అడిగి తెలుసుకోవాల్సింది మనమే. వాడు వచ్చే ఆదివారం విశాఖ వెళ్తున్నాడు, నన్నూ రమ్మన్నాడు.