బుజ్జి థీమ్‌తో పీసీ కేస్ చేయించాను: పనితనం అదిరింది, టైమ్ దగ్గరే పేచీ

సినిమా థీమ్‌తో పీసీ కేస్, అంటే కంప్యూటర్ భాగాలు పెట్టుకునే పెట్టె, చేసిస్తామని చెప్పే షాపులు ఇప్పుడు చాలానే ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ చోట్ల జరిగేది ఒకటే. గ్లాస్ మీద హీరో పోస్టర్ వినైల్ అతికిస్తారు, లోపల రంగురంగుల ఫ్యాన్లు బిగిస్తారు, బిల్లు చేతిలో పెడతారు. అలాంటివి చూసి చూసి విసుగొచ్చాక, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి దగ్గర్లో కేస్ పెయింటింగ్, 3డీ ప్రింటింగ్, లైటింగ్ అన్నీ ఒకే చోట చేసే ఒక చిన్న వర్క్‌షాప్ గురించి తెలిసి, నా కేస్‌ని అక్కడ 'కల్కి 2898 ఏడీ' సినిమాలోని బుజ్జి అనే బండి థీమ్‌తో చేయించాను. షాపు పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి, వాళ్లు వాటిని ఇంకా సరిచేస్తూనే ఉన్నారు. పని గురించి మాత్రం ఏదీ దాచకుండా చెప్తాను.

ముందు బుజ్జే ఎందుకు అంటే, అది తెర మీద గ్రాఫిక్స్‌తో సరిపెట్టిన బండి కాదు, నిజంగా రోడ్డు మీద నడిచే బండి. మహీంద్రా వాళ్ల సాయంతో కోయంబత్తూరులో జయం ఆటోమోటివ్స్ వాళ్లు కట్టారు, బరువు ఆరు టన్నులు, ముందు రెండు చక్రాలు, వెనక ఒక్కటే. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో దాన్ని జనం ముందుకి తెచ్చారు, సినిమా అదే ఏడాది జూన్ 27న వచ్చింది. దర్శకుడు నాగ్ అశ్విన్ టీమ్ ఆ బండిని కొత్తగా మెరిసిపోయేలా చూపించలేదు, వాడి వాడి అరిగిన ఇనుములా చూపించింది. మన తెలుగు సినిమాలో భవిష్యత్తు అనగానే తెల్లటి గోడలు, నీలం లైట్లు కాకుండా దుమ్ము, గీతలు, అతుకులు కనిపించడం నాకు బాగా నచ్చింది. పీసీ కేస్ కూడా ఎలాగూ ఇనప పెట్టే కాబట్టి ఆ లుక్ దాని మీద అబద్ధంలా అనిపించదు. పైగా బుజ్జికి ఒక మెదడు ఉంది, కీర్తి సురేష్ గొంతుతో మాట్లాడుతుంది, కంప్యూటర్‌కి ఇంతకంటే సరిపోయే పాత్ర ఏముంటుంది.

కేస్ నేనే కొని ఇచ్చాను, కోర్సెయిర్ కంపెనీ 4000డీ ఎయిర్‌ఫ్లో మోడల్. ఈ రకం పనికి ఇది చాలా మంచి ఎంపిక అని షాపులో కూడా అన్నారు, ఇప్పుడు నేనూ అదే అంటాను. ముందు ప్యానెల్ చిల్లులున్న స్టీల్, చేత్తో లాగితే ఊడి వస్తుంది, లోపల ముందువైపు మూడు 120 ఎంఎం ఫ్యాన్లు గానీ రెండు 140 ఎంఎం ఫ్యాన్లు గానీ పడతాయి, వెనక ఒక 120 ఎంఎం. ఇక్కడే నాకు ఈ షాపు మీద నమ్మకం కుదిరింది. నేను ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ ముందు ప్యానెల్ మీద బుజ్జి ముఖంలా ఒక పెద్ద ముక్క ప్రింట్ చేసి బిగించమంటే, అక్కడ పని చూసే అన్న వెంటనే ఒప్పుకోలేదు. "గాలి పోయే దారి మూసేస్తే, రేపు ఎండాకాలంల గేమ్ ఆగిపోతే నన్నే తిడతవ్ గదన్నా," అన్నాడు. తర్వాత ఆయనే కాగితం మీద గీసి చూపించాడు, ముందు రెండు 140 ఫ్యాన్లు, వెనక ఒక్క 120 ఫ్యాన్, మూడింటి చుట్టూ టైరు ఆకారంలో రింగులు. బండికి ముందు రెండు, వెనక ఒకటి. కేస్‌లో ఫ్యాన్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి కాబట్టి చక్రాలు పక్కపక్కన కాకుండా నిలువుగా వచ్చాయి, అయినా చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడుతున్నారు. గాలికి అడ్డం లేదు, థీమ్ కూడా పోలేదు. ఇలా ఆలోచించి పని చేసేవాళ్లు దొరకడం కష్టం.

రింగులు పీఎల్‌ఏతో కాకుండా పెట్‌జీతో ప్రింట్ చేశారు, రెండూ 3డీ ప్రింటింగ్‌లో వాడే ప్లాస్టిక్ రకాలే. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ కాదు. పీఎల్‌ఏ దాదాపు 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది, పెట్‌జీ 80 దాకా తట్టుకుంటుంది. కేస్ వెనక నుంచి వచ్చే వేడి గాలి అంత ఉండదు గానీ, మన మే నెల ఎండలో కారులో పెట్టి కేస్‌ని ఊరికి తీసుకెళ్తే పీఎల్‌ఏ ముక్కలు వంకర పోవడం ఖాయం. మీరు ఎక్కడ చేయించుకున్నా సరే, ఏ మెటీరియల్‌తో ప్రింట్ చేస్తున్నారో అడగండి. "అదంతా ఒకటే" అని జవాబు వస్తే ఇంకో షాపు చూసుకోండి.

ఇక పెయింట్. ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే. కేస్‌ని పూర్తిగా విప్పేసి, ప్లాస్టిక్, గ్లాస్, ఫిల్టర్లు అన్నీ పక్కన పెట్టి, ఇనుముని నీళ్ల కాగితంతో రుద్ది, ప్రైమర్ వేశారు. ప్రైమర్ మీద మామూలు షాపుల్లో నేరుగా బూడిద రంగు కొట్టేస్తారు. వీళ్లు ముందు వెండి రంగు వేసి దాని మీద క్లియర్ కోట్, అంటే రంగు లేని పారదర్శక పూత, వేశారు, అది ఆరాక హెయిర్ స్ప్రే కొట్టారు, అవును, తలకి కొట్టుకునే మామూలు హెయిర్ స్ప్రేనే, ఆ తర్వాతే పైన నీళ్లలో కలిసే యాక్రిలిక్ బూడిద రంగు పడింది. పై రంగు ఆరీఆరగానే గోరువెచ్చటి నీళ్లలో ముంచిన టూత్‌బ్రష్‌తో అంచుల మీద రుద్దుతారు. కింద ఉన్న హెయిర్ స్ప్రే కరిగి, పై రంగు చిన్న చిన్న పెచ్చులుగా లేచి, లోపలి వెండి బయటపడుతుంది. స్కేల్ మోడళ్లు చేసేవాళ్లు యుద్ధ ట్యాంకులకి వాడే పద్ధతి ఇది. బ్రష్‌తో గీతలు గీస్తే గీసినట్టు తెలిసిపోతుంది, ఇలా చేస్తే నిజంగా ఊడిన రంగులాగే ఉంటుంది, ఎందుకంటే అది నిజంగా ఊడిన రంగే కదా.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది ఎక్కడ అరగదీశారు అన్నది. మొత్తం కేస్ మీద సమానంగా గీతలు చల్లలేదు. పవర్ బటన్ చుట్టూ బొటనవేలు తగిలేంత మేర రంగు పూర్తిగా పోయి వెండి తేలింది, దాని పక్కన యూఎస్‌బీ పోర్టుల దగ్గర ప్లగ్ తగిలి తగిలి పడినట్టు సన్నటి గాట్లు, కింద కాళ్ల దగ్గర మట్టి రంగు చారలు, పై అంచుల్లో ఎత్తేటప్పుడు నాలుగు వేళ్లు పడే చోట మాత్రమే నున్నటి మెరుపు. సైడ్ ప్యానెల్ మధ్యలో దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే అక్కడ ఎవరి చెయ్యీ పడదు. రంగు వేసే కుర్రాడిని ఇది ఎలా తట్టిందని అడిగితే తన పాత బైక్ ట్యాంకు చూపించాడు. వయసులో చిన్నవాడే, కానీ చెయ్యి తిరిగిన పనివాడు. చివర్లో మొత్తం మీద మ్యాట్ క్లియర్ కోట్ వేశారు కాబట్టి ఈ అరుగుదల ఇక్కడితో ఆగిపోతుంది, పెరగదు.

ఎడమ వైపున స్టెన్సిల్‌తో ౨౮౯౮ అని తెలుగు అంకెల్లో వేయించాను. సినిమా పేరు గానీ, లోగో గానీ, ప్రభాస్ ఫొటో గానీ ఎక్కడా లేవు, వద్దని నేనే చెప్పాను. అంకెల అంచులు కత్తితో కోసినంత శుభ్రంగా వచ్చాయి, తర్వాత వాటిని కూడా కొంచెం అరగదీశారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ముందు ఆ అంకెల దగ్గరే ఆగుతున్నారు.

పైకి కనిపించని పని ఒకటి చెప్పాలి. మదర్‌బోర్డు బిగించే స్టాండాఫ్‌ల దగ్గర, పవర్ సప్లై కూర్చునే చోట రంగు పడకుండా టేప్ వేశారు. అక్కడ పెయింట్ పడితే మరలు సరిగ్గా దిగవు, ఎర్తింగ్ కూడా దెబ్బతింటుంది. ఇచ్చే ముందు నా ఎదురుగానే మల్టీమీటర్ పెట్టి కంటిన్యుటీ, అంటే కరెంటు దారి తెగకుండా ఉందని, చూపించారు. నేను అడగలేదు, వాళ్లంతట వాళ్లే చేశారు.

లైటింగ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, అదే దాని గొప్పతనం. రింగుల వెనక ఒకే ఒక్క రంగు, లేత నారింజ, మసకగా వెలుగుతుంది. స్ట్రిప్ కనిపించదు, వెలుగు మాత్రమే కనిపిస్తుంది. స్ట్రిప్ 5 వోల్టుల ఏఆర్‌జీబీ (ఒక్కో లైటు రంగుని విడిగా మార్చగలిగే రకం), మూడు పిన్నులది. సొంతంగా చేసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, దీన్ని బలవంతంగా మదర్‌బోర్డు మీద ఉండే 12 వోల్టుల నాలుగు పిన్నుల హెడర్‌కి (లైట్లు తగిలించే చోటు) తగిలిస్తే కాలిపోతుంది. లోపల పవర్ సప్లై కవర్ మీద ఒక చిన్న స్క్రీన్ కూడా పెట్టించాను, ఐడా64 అనే సాఫ్ట్‌వేర్‌లోని సెన్సార్ ప్యానెల్‌తో సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు వేడి అందులో కనిపిస్తుంది. బుజ్జి మెదడు అదే అన్నమాట. పీసీ ఆన్ చెయ్యగానే సినిమా డైలాగ్ వచ్చేలా స్పీకర్ పెడదామా అని అడిగారు, వద్దన్నాను. రోజూ పొద్దున్నే ఇంట్లోవాళ్లందరూ అది వినాల్సిన అవసరం లేదు. వేడి సంగతికొస్తే, పాత ఫ్యాన్లతో ఎంత ఉండేదో ఇప్పుడూ ఇంచుమించు అంతే ఉంది, రింగుల వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది, టైమ్. దసరాకి ముందే ఇస్తామన్నది దీపావళి దాటాక ఇచ్చారు. పెయింట్ కోట్లు ఆరడానికి టైమ్ పడుతుందని నాకూ తెలుసు, వానలు ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది, దానికి నేనేమీ అనను. కానీ ఫోన్ చేస్తే "రేపు పంపిస్తాం" అని చెప్పి, ఆ రేపు ఎప్పటికీ రాకపోవడం ఉంది చూశారూ, అది మనిషిని విసిగిస్తుంది. ఇంకో రెండు వారాలు పడుతుందని మొదటే చెప్తే ఎవరూ గొడవ పెట్టుకోరు. ఆ కేస్‌లో నా పార్టులు పెట్టుకోవాలి కదా, అన్ని రోజులూ మదర్‌బోర్డుని అట్టపెట్టె మీద పెట్టుకుని పని చేశాను, చిన్నపిల్లలున్న ఇంట్లో అది ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

రెండోది, వెనక రింగు. ముందు రెండింటిని బాగా రుద్ది ఫిల్లర్ పెట్టి నున్నగా చేశారు, వెనకదాన్ని ఎవరు చూస్తారులే అనుకున్నారేమో, ప్రింట్ పొరలు గీతలు గీతలుగా స్పష్టంగా తెలుస్తున్నాయి. ముందంతా అంత శ్రద్ధగా చేసి వెనక ఇలా వదిలేస్తే బాధేస్తుంది, పైగా నా డెస్క్ గోడకి ఆనించి లేదు, వెనక భాగం తలుపు వైపే ఉంటుంది. మూడోది, యూఎస్‌బీ-సీ పోర్టు చుట్టూ క్లియర్ కోట్ మందంగా పడి, కేబుల్ కొంచెం గట్టిగా నొక్కితేనే దిగుతోంది. నాలుగోది, గ్లాస్ మీద అంచు వెంబడి అంటించిన సన్నటి వినైల్ ఒక మూల అప్పుడే లేస్తోంది. గ్లాస్ మీద ఇలాంటి పని వినైల్‌తోనో పెయింట్‌తోనో చేయాల్సిందే, టెంపర్డ్ గ్లాస్‌ని కోయడం గానీ చిల్లు వేయడం గానీ కుదరదు, చేస్తే మొత్తం ముక్కలైపోతుంది. కాబట్టి గ్లాస్‌కి బదులు యాక్రిలిక్ ప్యానెల్ కోసి ఇస్తామంటే ముందే తీసుకోవడం మేలు, లేజర్ కటింగ్‌తో దాంట్లో ఏ ఆకారమైనా వస్తుంది. గీతలు త్వరగా పడతాయి, అదొక్కటే ఇబ్బంది.

ఖర్చు కేస్ కాకుండా పద్దెనిమిది వేల దాకా అయింది, ఫ్యాన్లు, స్క్రీన్ అందులోనే. ఎక్కువే. ఇంత డబ్బుకి ఇంకో మంచి గ్లాస్ కేసూ, నిండా ఫ్యాన్లూ వచ్చేస్తాయని మా తమ్ముడు అన్నాడు, నిజమే. కానీ ఆ పెయింట్‌లో ఉన్న చేతిపనికి నా లెక్కలో అది న్యాయమైన ధరే. బిల్లు మాత్రం చీటీ మీద రాసిచ్చారు, ఏ పనికి ఎంత అని విడివిడిగా లేదు, మీరు వెళ్తే ముందే కాగితం మీద రాయించుకోండి. సగం అడ్వాన్స్, సగం తీసుకునేటప్పుడు, అంతకంటే ఎక్కువ ముందు ఇవ్వకండి. కేస్‌కి రంగు వేయించి చిల్లులు పెట్టించాక కంపెనీ వారంటీ మీద ఆశ పెట్టుకోకూడదు, అది కూడా తెలుసుకునే దిగండి.

తుడవడం గురించి ఒక మాట. మ్యాట్ ఫినిష్ కాబట్టి తడిబట్ట, శానిటైజర్, స్పిరిట్ ఏవీ దగ్గరికి రానివ్వకండి, మచ్చలు పడతాయి. నేను చిన్న బ్లోయర్‌తో దుమ్ము ఊది, మెత్తటి పొడి బ్రష్‌తో దులుపుతున్నాను. ఫిల్టర్లు ఊడి వచ్చేవి కాబట్టి తీసి కడిగి ఆరబెట్టుకోవడం తేలిక. కొంచెం దుమ్ము పట్టినా ఈ కేస్‌కి అందమే, కానీ ఫ్యాన్లకి మాత్రం కాదు.

రేటింగ్ అడిగితే పెయింట్‌కి ఐదుకి ఐదు, డిజైన్ ఆలోచనకి ఐదుకి ఐదు, లైటింగ్‌కి నాలుగున్నర, ప్రింట్ ఫినిషింగ్‌కి మూడు, మాట నిలబెట్టుకోవడానికి రెండు. తొందర లేనివాళ్లు, సినిమాని నిజంగా ప్రేమించేవాళ్లు ఇలాంటి వర్క్‌షాప్‌ని వెతుక్కుని వెళ్లండి, అడ్వాన్స్ ఇచ్చే ముందు వాళ్లు చేసిన పాత కేస్ ఒకటి చేత్తో తాకి చూడండి, ముఖ్యంగా వెనక వైపు. పుట్టినరోజు బహుమతి లాంటి తేదీ పెట్టుకుని వెళ్లేవాళ్లకి మాత్రం నేను చెప్పను. వెనక రింగు ఫొటో పంపితే డబ్బులేమీ అడగకుండా మళ్లీ ప్రింట్ చేసిస్తామన్నారు, పోర్టు దగ్గర కోట్ కూడా గీకి సరిచేస్తారట, వినైల్ కోసం గ్లాస్ తీసుకుని వచ్చే శనివారం రమ్మన్నారు.