తెడ్డు చెక్కడానికి స్పోక్‌షేవ్: చదును అడుగుది ఒక్కటి చాలు

ఒకే చెక్కలోంచి పడవ తెడ్డు తీయడానికి రంపం, చిత్రిక, ఆకురాయి సరిపోవా అంటే సరిపోతాయి. కాకపోతే కాడ చేతికి ఇంపుగా గుండ్రబడటంలో, రెక్క (నీటిని నెట్టే వెడల్పు భాగం) అంచు పలచబడటంలో స్పోక్‌షేవ్ పనితనం వాటికి రాదు. ఇది రెండు చేతులతో పట్టుకుని చెక్కను పొరలుగా తీసే చిన్న పనిముట్టు. ఈ సమీక్ష స్టాన్లీ కంపెనీ 151 నంబరు నమూనాలో రకరకాల కంపెనీలు అమ్మే, చదును అడుగున్న ఇనుప రకం గురించి: రెండు పక్కలా పిడులు, మధ్యలో సుమారు 54 మి.మీ. వెడల్పు బ్లేడు, దానిపై మూత, బ్లేడును పైకీ కిందికీ జరిపే రెండు మరలు.

పెట్టెలోంచి తీసి నేరుగా చెక్క మీద పెడితే నిరాశే. చవక రకాల్లో బ్లేడు ఆనుకునే చోట రంగు గడ్డకట్టి ఉంటుంది. బ్లేడు అక్కడ గట్టిగా కూర్చోకపోతే కటకటలాడుతూ చెక్క మీద మెట్లు మెట్లుగా గీతలు పెడుతుంది. పదును లేదనుకుని మళ్లీ మళ్లీ నూరతారు గానీ తప్పు అక్కడ ఉండదు. ఆ రంగు గీకేసి, ఎత్తుపల్లాలను ఆకురాయితో చదును చేయాలి. మూత ముందు అంచుకీ బ్లేడుకీ మధ్య వెలుతురు కనబడకూడదు. సందు ఉంటే పొట్టు అందులో ఇరుక్కుంటుంది. బ్లేడు వీపును సానరాయి మీద చదును చేసి, వాలును 25 డిగ్రీలకు నూరాలి. బ్లేడు పొట్టిది, వేళ్లకు అందదు. ఒక చెక్కముక్కకు రంపంతో గాడి కోసి అందులో దూర్చి పట్టుకుంటే నూరడం తేలిక.

ఇంత చేశాక పరికరం మారిపోతుంది. రెండు మరలున్నందుకు అసలు లాభం ఇక్కడే: బ్లేడును ఒక కొస కాస్త ఎక్కువ, రెండో కొస అతి తక్కువ బయటికి వచ్చేలా వాల్చి బిగిస్తే, ఒక పక్క మందంగానూ ఇంకో పక్క పల్చగానూ తీస్తుంది. మళ్లీ మళ్లీ సర్దే పని ఉండదు.

కాడ మీద దీనికి సాటి లేదు. 32 మి.మీ. చదరపు కాడకు ప్రతి మూల నుంచీ రెండు వైపులా 9.4 మి.మీ. దగ్గర గీత గీసి, గీతల దాకా మూలలు కొట్టేస్తే ఎనిమిది పలకలొస్తాయి. వాటిని పదహారు చేసి, ఆ తర్వాతే గుండ్రం చేయాలి. పలకలు వదిలేసి కంటి అంచనాతో గుండ్రం చేస్తే కాడ కోడిగుడ్డులా తయారవుతుంది.

రెక్క దగ్గర చెక్క పోగు, అంటే నారల దిశ, చూసి నడవాలి. మెడ (కాడా రెక్కా కలిసే చోటు) వంపులో రెక్క వెడల్పు వైపు నుంచి కాడ వైపుకి, కొన దగ్గర వెడల్పు నుంచి కొన వైపుకి, రెక్క ముఖం మీద మందం నుంచి పలచన వైపుకి. ఎదురు తీస్తే పోగు లేచి చెక్క చీలుతుంది. అంచు 6 మి.మీ.కి వచ్చాక అలా చీలితే సరిదిద్దడానికి చెక్క మిగలదు. ముడి ఉన్న చోట పోగు ఎటైనా తిరగొచ్చు, అక్కడ స్క్రేపర్ (చెక్కను గీకే పల్చటి ఉక్కు రేకు) వాడటమే మేలు.

లోపాలూ ఉన్నాయి. 38 మి.మీ. మందపు చెక్కను దీనితోనే పలచబరచాలని కూర్చుంటే బొటనవేళ్లు బొబ్బలెక్కుతాయి. ఎక్కువ చెక్కను డ్రానైఫ్‌తోనో (రెండు పిడులు పట్టి మనవైపు లాగే కత్తి) చిత్రికతోనో ముందే తీసేయాలి. కొనలోనూ పిడి పైభాగంలోనూ పోగు అడ్డంగా తెగే చోట బ్లేడు నిటారు వాటం వల్ల తడబడుతుంది. అక్కడ కొయ్యతో చేసిన పాత రకం స్పోక్‌షేవ్ హాయిగా కోస్తుంది, దాని బ్లేడు పడుకున్నట్టు ఉంటుంది కనుక. దాన్ని చిన్న సుత్తితో తట్టి సర్దుకోవాలి, అంతే. పోత ఇనుము కాబట్టి గచ్చు మీద జారితే పిడి విరిగే ప్రమాదం ఉంది.

గుండ్రటి అడుగున్న 151ఆర్ కూడా కొనాలా అంటే, తెడ్డుకోసమైతే వద్దు. అడుగు నిలకడగా ఆనదు గనుక లోతు క్షణానికోలా మారుతుంది. మెడ వంపు కాస్త సాగదీసి గీసుకుంటే చదును అడుగుదే చాలా వరకు దిగుతుంది, దిగని మూలకు సగం గుండ్రటి ఆకురాయి ఉంది.