నికాన్ కూల్‌పిక్స్ పీ950 రివ్యూ: కర్నూలు మిద్దె మీద నుంచి చంద్రగ్రహణానికి పనికొస్తుందా?

పాక్షిక గ్రహణం వరకు పీ950 చాలా మంచి కెమెరా. చంద్రుడు పూర్తిగా నీడలో మునిగి ఎర్రబడ్డాక మాత్రం దాని ఆటోమేటిక్ సదుపాయాలు చేతులెత్తేస్తాయి. అక్కడి నుంచి ఫోకస్, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం), ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) అన్నీ మీరే చూసుకోవాలి. అందుకు సిద్ధపడితేనే గ్రహణం కోసం దీన్ని కొనండి.

ఇది లెన్స్ మార్చే పని లేని 83 రెట్ల జూమ్ కెమెరా. 35 ఎంఎం కెమెరా లెక్కలో 24 నుంచి 2000 ఎంఎం లెన్స్‌కు సమానమైన జూమ్, 16 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సర్, పూర్తి జూమ్‌లో ఎపర్చర్ (వెలుగు వచ్చే లెన్స్ రంధ్రం) ఎఫ్ 6.5, బరువు కిలో. పాత పీ900లో లేని రా ఫైల్ (సెన్సర్ పట్టినది పట్టినట్టే దాచే ఫైల్) ఇందులో ఉంది. గ్రహణం తీసేవాళ్లకు ఈ ఒక్క తేడా చాలు, పాతది చౌకగా దొరికినా వద్దనడానికి. ఎర్రని చంద్రుడి రంగు జేపెగ్‌లో ఒకసారి చెడితే మళ్లీ సరిచేయడం కష్టం.

పూర్తి జూమ్‌లో చంద్రబింబం ఫోటోలో సుమారు 2,300 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. డీఎస్ఎల్ఆర్ మీద 300 ఎంఎం లెన్స్ పెడితే వచ్చేది 700 దాకానే. పాక్షిక దశలో నీడ అంచు బిలాల మీదుగా జరగడం ఇంత వివరంగా చూపించే కెమెరా ఈ సైజులో అరుదు. ఐఎస్ఓ 100, ఎఫ్ 6.5, సెకనులో 250వ వంతు దగ్గర మొదలుపెట్టండి. సగం మునిగాక 125వ వంతుకు దిగండి. డయల్ మీదున్న మూన్ మోడ్ నిండు పున్నమికి బాగానే ఉంటుంది, గ్రహణానికి వాడొద్దు. ఒకే బింబంలో సగం వెలుగు, సగం చీకటి ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్ ఎంతో మీరే తేల్చాలి. ఎం (మాన్యువల్) మోడ్, రా ఫైల్, వైట్ బ్యాలెన్స్ డేలైట్, డిజిటల్ జూమ్ ఆఫ్. ట్రైపాడ్ ఎక్కించాక వైబ్రేషన్ రిడక్షన్ కూడా ఆఫ్.

అసలు పరీక్ష సంపూర్ణ దశలో. వెలుగు ఒక్కసారిగా పడిపోతుంది, ఐఎస్ఓ 800లో కూడా అర సెకను నుంచి ఒక సెకను కావాలి. కచ్చితమైన సెట్టింగ్ ముందే చెప్పడం కుదరదు. భూమి వాతావరణంలో దుమ్ము, మేఘాలు ఎంతున్నాయో దాన్ని బట్టి ఎరుపు మారుతుంది. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలాక, 1992 డిసెంబరు గ్రహణంలో చంద్రుడు దాదాపు కనిపించనంత నల్లబడ్డాడు. అర సెకను, ఒకటి, రెండు సెకన్లకు ఒక్కో ఫోటో తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి.

ఫోటో అలుక్కుపోతే చాలామంది జూమ్ ఎక్కువై అలా అయిందంటారు. అసలు కారణం షట్టర్ తెరిచి ఉన్న సమయం. ఆకాశం సెకనుకు సుమారు 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) జరుగుతుంది, పూర్తి జూమ్‌లో అది దాదాపు 19 పిక్సెళ్లు. జూమ్ సగానికి తగ్గిస్తే అలుకుడూ సగమే, చంద్రుడూ సగమే. కాబట్టి సమయం తగ్గించాలి. ఐఎస్ఓ 1600కి పెంచి, ఒక్కోటి అర సెకను చొప్పున పదీ ఇరవై ఫోటోలు తీసి, తర్వాత కంప్యూటర్‌లో స్టాకింగ్ చేసి (అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి కలిపి) సైజు తగ్గిస్తే గరుకుదనం చాలావరకు పోతుంది. రెండు సెకన్ల ఒక్క ఫోటో కన్నా ఇది ఎంతో నయం. జూమ్ తగ్గించడానికి వేరే కారణం ఉంది: 2000 ఎంఎంలో మధ్యలో పెట్టిన చంద్రుడు అర నిమిషంలోనే ఫ్రేమ్ అంచుకు చేరవచ్చు. 1200 దగ్గర పెట్టుకుంటే నిమిషం పైన తీరిక దొరుకుతుంది.

ఫోకస్ విషయంలో జాగ్రత్త. ఎర్రని మసక బింబం మీద ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ వెతుకుతూనే ఉంటుంది. పాక్షిక దశలో వెలుగున్న అంచు మీద ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌కు మార్చేయండి. ఆ తర్వాత జూమ్ కదిపితే ఫోకస్ తప్పుతుంది. ఆటో పవర్ ఆఫ్ మరిచిపోతే లెన్స్ లోపలికి పోయి మళ్లీ మొదటికే వస్తుంది, మెనూలో దాన్ని అన్నిటికన్నా ఎక్కువ సమయానికి పెట్టండి. బ్యాటరీ మార్చినా ఇదే కథ. కంపెనీ లెక్క ప్రకారం ఒక చార్జికి 290 ఫోటోలే కాబట్టి నిమీలనానికి, అంటే సంపూర్ణ దశ మొదలుకు, ముందే కొత్త బ్యాటరీ వేసుకోవాలి. బ్యాటరీ తలుపు అడుగున ఉంటుంది, ట్రైపాడ్ ప్లేటు దానికి అడ్డం రాకుండా ముందే సరిచూసుకోండి.

 పంచాంగంలో ఇచ్చే స్పర్శ (నీడ తాకడం), నిమీలనం, మధ్యం, ఉన్మీలనం (సంపూర్ణ దశ ముగింపు), మోక్షం (నీడ పూర్తిగా వదలడం) అనే ఐదు సమయాలే మీ షూటింగ్ షెడ్యూలు. ఉన్మీలనం దగ్గర బింబం అంచున తెల్లని వెలుగు హఠాత్తుగా వస్తుంది, రెండు నిమిషాల ముందే షట్టర్ తగ్గించడానికి చేయి సిద్ధంగా ఉండాలి.

చోటు సంగతి. చంద్రుడికి వీధిదీపాలు అడ్డం కావు, కర్నూలు నడిబొడ్డున ఇంటి మిద్దె సరిపోతుంది. మిద్దెతో చిక్కు వేడి. పగలంతా కాగిన స్లాబు రాత్రి వేడి వదులుతుంటే పూర్తి జూమ్‌లో బింబం అంచు ఉడుకుతున్నట్టు కదులుతుంది. ఎండాకాలమైతే మట్టి నేల ఉన్న మైదానం మేలు. మిద్దె మీద ఎవరైనా నడిచినా, కింద నీళ్ల మోటారు తిరిగినా ఆ అదురు ఫోటోలో తెలుస్తుంది. ఈ కెమెరాకు తేలికపాటి ట్రైపాడ్ చాలదు. లెన్స్ పూర్తిగా బయటికొస్తే బరువు ముందుకు లాగుతుంది, మధ్య స్తంభం ఎత్తకుండా దానికి ఇసుక సంచి వేలాడదీయండి. షట్టర్‌ను వేలితో నొక్కకుండా సెల్ఫ్ టైమర్ గానీ రిమోట్ గానీ వాడండి.

2026 మార్చి 3 లాంటి గ్రహణానికి మాత్రం మిద్దె కన్నా తూర్పు దిగంతం ముఖ్యం. ఆ రోజు కర్నూలుకు దక్కేది చంద్రోదయం నుంచి సాయంత్రం సుమారు 6:48 వరకు, చివరి పాక్షిక దశే. దిగంతం దగ్గర మసకలో ఈ లెన్స్ పదును బాగా పడిపోతుంది.

2028 డిసెంబరు 31 రాత్రి దీనికి సరైన గ్రహణం. సంపూర్ణ దశ సుమారు 9:46 నుంచి 10:58 వరకు, కర్నూలులో చంద్రుడు దాదాపు 60 డిగ్రీల ఎత్తున ఉంటాడు. కొత్త సంవత్సరం టపాకాయల పొగ కమ్మేలోపే ముఖ్యమైనదంతా అయిపోతుంది. అంత ఎత్తుకు కెమెరా తిప్పినప్పుడు మడిచి తిప్పుకునే స్క్రీన్ మెడకు పెద్ద మేలు. కొండారెడ్డి బురుజుతో కలిపి తీయాలనుకుంటే ఈ జూమ్ పనికిరాదు. 24 ఎంఎంలో నిలువుగా పడితే రెండూ వస్తాయి గానీ చంద్రుడు 30 పిక్సెళ్ల చుక్కే.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే షాపు గోడ మీద పరీక్షిస్తే చాలదు. సాయంత్రం వెళ్లి చంద్రుడి మీద పూర్తి జూమ్ పెట్టి చూడండి. జూమ్ మధ్యలో ఆగడం, లోపల దుమ్ము, బింబం ఒక పక్క మాత్రమే పదునుగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తీసుకోవద్దు.