పత్రికలో పేర్లు: అన్నిటికీనా, కొన్నిటికేనా, అసలొద్దా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం... ఒడిశాలో మన తెలుగువాళ్లు నాలుగిళ్లు ఉన్నచోట ఒక సంఘం ఉంటుంది, ఆ సంఘానికి ఉగాదికో సంక్రాంతికో ఒక చిన్న పత్రిక ఉంటుంది. పేజీలు కట్టే రోజు వచ్చేసరికి ప్రతిచోటా అదే పంచాయితీ: దేని కింద పేరు వెయ్యాలి, దేనికి అక్కర్లేదు? మా బరంపురంలో ఈ ముక్క మీద గంటలు గంటలు మాట్లాడుకుంటాం. నా మాట ముందే చెప్పేస్తాను. కొన్ని శీర్షికలకే పేరు వెయ్యడం మేలు. అయితే ఆ కొన్ని ఏవో రాసినవాళ్ల హోదా చూసి తేల్చకూడదు, ఆ రచనలో మాట్లాడుతున్నది ఒక మనిషా, సంఘమా అన్నది చూసి తేల్చాలి.

అసలు పేర్లే వద్దు, అంతా సంఘం తరఫునే వెయ్యండి అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ నిజమే. ఎవరి పేరు ముందు పేజీలో పడింది, ఎవరిది అడుగున చిన్న అక్షరాల్లో పడింది అనే అలకలతో చిన్న ఊళ్లో పత్రికే ఆగిపోగలదు. లండన్ నుంచి వచ్చే వారపత్రిక ది ఎకనామిస్ట్ 1843లో పుట్టింది, ఇప్పటికీ అందులో చాలా వ్యాసాలకు పేరుండదు, దాన్ని చూపించి వాదిస్తారు కూడా. కానీ అక్కడ వచ్చిన ప్రతి వ్యాసాన్నీ దిద్ది ఒకే గొంతులోకి తెచ్చే పెద్ద సంపాదక బృందం ఉంది. మన దగ్గర ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు ప్రూఫులు చూసే ముగ్గురు నలుగురు తప్ప ఎవరున్నారు? రిటైరైన మాస్టారి వ్యాసం ఆయనలాగే ఉంటుంది, కోడలుపిల్ల రాసిన కథ ఆమెలాగే ఉంటుంది, రెండిటినీ సంఘం మాటగా వేస్తే చదివేవాళ్లకి ఎవరి అభిప్రాయం ఏదో తెలియదు.

అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఇక్కడ మన పిల్లల్లో చాలామందికి బడిలో ఒడియా, ఇంగ్లీషే. తెలుగు మాట్లాడతారు గాని రాయడం ఇంట్లో ఎవరైనా కూర్చోబెట్టి నేర్పితేనే. అలాంటి ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్ల రూళ్ల కాగితం మీద మా బరంపురం అమ్మవారి పండగ ఠాకురాణీ జాత్ర గురించి ఒక పేజీ రాసి ఇచ్చిందనుకోండి. ఒత్తులు కొన్ని పక్క అక్షరానికి పడ్డాయి, 'ళ' ఉండాల్సిన చోటల్లా 'ల' ఉంది, కానీ రాత్రి ఘటాలు వీధిలోకి వచ్చినప్పుడు వాళ్ల నాన్నమ్మ గుమ్మం కడిగి ముగ్గేసి ఎలా నిలబడిందో ఉన్నదున్నట్టు రాసింది. దాన్ని పేరు లేకుండా వేస్తే రెండో పేజీ రాస్తుందా? ఆ పిల్ల పేరు, తరగతి, వీధి పేరు అచ్చులో పడితే ఆ వీధి అంతా చదువుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు, అసలు పేర్లే వద్దన్న మాట పక్కన పెట్టెయ్యడానికి.

మరి అన్నిటికీ వేసేస్తే పోలేదా అంటారా? చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ రక్తదాన శిబిరం ప్రకటన, పిక్నిక్ బస్సు ఎక్కణ్ణించి బయల్దేరుతుందో చెప్పే నోటీసు, చందాల లెక్క, వీటి కింద టైపు చేసిన కుర్రాడి పేరు వేస్తే ఫోన్లన్నీ అతనికే వెళ్తాయి. అక్కడ ఉండాల్సింది సంఘం పేరు, ఫోను నంబరు. సంతాప వార్త అయితే మరీను. పోయినవారి పేరు, కుటుంబం పేరు ఉండాల్సిన చోట రాసినవారి పేరు ఉంటే ఇబ్బందిగా ఉంటుంది. పైగా చిన్న పత్రికలో సగం రాసేది ఒకళ్లిద్దరే కాబట్టి పేజీ తిప్పినప్పుడల్లా ఒకే పేరు కనబడి, ఇదేదో వాళ్ల సొంత పత్రిక అనుకుంటారు జనం. మన తెలుగు దినపత్రికలు చూడండి, జిల్లా వార్త చాలావరకు ఊరి పేరుతో మొదలవుతుంది, సంపాదకీయం కింద పేరుండదు, అదే పేజీలో వ్యాసం కింద మాత్రం రాసినవారి పేరు, వివరం ఉంటాయి. పాఠకులకి ఈ తేడా అలవాటే.

కాబట్టి కథ, కవిత, వ్యాసం, జ్ఞాపకాలు, పుస్తక పరిచయం: పేరు తప్పనిసరి. ఆరోగ్యం గురించి రాస్తే పేరుతో పాటు వాళ్లు ఏ డాక్టరో, అసలు డాక్టరో కాదో కూడా వెయ్యాలి, షుగరు మందు గురించి ఎవరు చెబుతున్నారో తెలియకుండా ఎవరూ చదవకూడదు. ఒడియా నుంచి అనువాదమైతే మూల రచయిత, అనువాదకులు ఇద్దరి పేర్లూ ఉండాలి, ఇక్కడ మనవాళ్లు ఎక్కువ అశ్రద్ధ చేసేది అనువాదకుల విషయంలోనే. పెద్దవాళ్లు వాయిస్ మెసేజ్‌లో చెప్పినదాన్ని మనవలు టైపు చేస్తే 'చెప్పినవారు', 'రాసినవారు' అని రెండు వరుసలు. పట్టుమగ్గం మీద కుంభం అంచు ఎలా పడుతుందో చెప్పిన ముసలాయన ఆ మాటలకి సొంతదారు, టైపు చేసిన మనవడిది వేరే శ్రమ.

శీర్షికని బట్టి గీత గీస్తే ఒక చిక్కుంది, అదీ చెప్పాలి. 'వార్తలు' శీర్షికలో పడ్డా కొన్ని రచనలు నిజానికి వార్తలు కావు, కళ్లారా చూసి మనసు పెట్టి రాసిన వ్యాసాలు. అలాంటివాటికి శీర్షిక నియమం పక్కన పెట్టి పేరు వేసే అధికారం సంపాదకుడికి ఉండాలి.

ఫిర్యాదులది ఇంకో కథ. ఫలానా బడిలో తెలుగు చెప్పేవాళ్లు లేరని రాసినామెకి అదే ఊళ్లో బతకాలి, పేరు వద్దంటే వెయ్యకూడదు. కానీ ఆమె ఎవరో సంపాదకుడికి తెలిసి తీరాలి, పేరు లేనిదానికి జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే కాబట్టి. రిజిస్టరైన పత్రికలో సంపాదకుడి పేరు ప్రతి సంచికలో అచ్చు వెయ్యాలన్నది 1867 నాటి పత్రికల చట్టం నుంచి ఉన్న నియమం (2024 మార్చి 1 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది). కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసేవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1964 ప్రవర్తన నియమాల ప్రకారం కథలు, కవితలు రాసుకోవడానికి ముందు అనుమతి అక్కర్లేదు, కానీ ప్రభుత్వ విధానాన్ని తప్పుపట్టకూడదు, కలం పేరు పెట్టినా, పేరే లేకపోయినా ఆ నిషేధం వర్తిస్తుంది. పేరు తీసేశాం కదా, టెన్షన్ లేదు అనుకోవద్దు.

ఆఖరుగా, అచ్చులో పేరు లేనివాటికీ సంఘం దగ్గర ఒక రిజిస్టరు ఉండాలి, ఏ సంచికలో ఏ పేజీ ఎవరు రాశారో. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పేరుతో వచ్చిన రచనకి హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. పేరు లేకుండా వచ్చి, ఎవరిదో ఎప్పటికీ బయటపడకపోతే అచ్చయిన తర్వాత 60 ఏళ్లే. రేపు ఎవరైనా పాత సంచికల్లోంచి సంకలనం వేద్దామంటే అనుమతి ఎవర్నడగాలో ఆ రిజిస్టరే చెబుతుంది. పేరు వద్దన్నవాళ్ల చేత 'వేసుకోండి, నా పేరు వద్దు' అని ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టించుకుని, దాన్ని ప్రింటు తీసి ఆ రిజిస్టర్లో అంటించండి.