తిరుపతిలో బీఏ ఎకనామిక్స్ సీటని చెప్పి బీకాంలో కూర్చోబెడతారు, జాగ్రత్త

డిగ్రీతో పాటు ఐఏఎస్ ఫౌండేషన్ అని ఆటోల వెనక ఫ్లెక్సీలు కట్టించుకునే ప్రైవేటు కాలేజీలో మీ పిల్లల్ని బీఏకి చేర్చబోతుంటే కాసేపు ఆగి ఇది చదవండి. పేరు రాయను. రాస్తే పోస్టు తీసేయమని ఫోన్లు మొదలవుతాయి. ఇలాంటి కాలేజీ ఎట్లుంటుందో తిరుపతిలో ఉండేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

చేరింది మా అక్క కూతురు. పాకాల దగ్గర పల్లె. ఇంటర్ సీఈసీ, మార్కులు బాగానే వచ్చినాయి. ఎకనామిక్స్ చదివి ఎస్వీ యూనివర్సిటీలో ఎంఏ చెయ్యాలని పాప ఆశ. పద్మావతి మహిళా డిగ్రీ కాలేజీలో పెడదామని నేను అంటూనే ఉన్నా. ఇంతలో ఈ కాలేజీ పీఆర్వో ఇంటికే వచ్చి కూర్చున్నాడు. "అక్కడ సీటు రాదు సార్, వచ్చినా హాస్టల్ రాదు, మా దగ్గరైతే బీఏతో పాటు సివిల్స్ క్లాసులు" అని మా అక్క ఇచ్చిన కాఫీ తాగతా చెప్పినాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎట్లాగూ వస్తుంది, మీరు కట్టేది సివిల్స్ ఫీజు 28 వేలే అన్నాడు. తోతాపురికి రేటు లేక బావ అప్పటికే తల పట్టుకుని ఉన్నాడు. అయినా పాప చదువని తెచ్చి కట్టినాడు. రసీదులో సివిల్స్ అన్న మాటే లేదు, 'ఇతర రుసుములు' అని ఉంది. చూసి కూడా అడగలేదు, మన తెలివికి దండం పెట్టాల.

అసలు మోసం వెబ్ ఆప్షన్ల రోజు జరిగింది. డిగ్రీ సీట్లన్నీ ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ పోర్టల్లోనే కదా, ఆప్షన్లు మనమే పెట్టుకోవాలి. వీళ్లేమో "సైట్ బిజీగా ఉంది మా, ఊళ్లో సిగ్నల్ ఉండదు, మేమే పెట్టేస్తాం, ఓటీపీ మాత్రం చెప్పు" అన్నారు. పాప చెప్పేసింది. అలాట్‌మెంట్ లెటర్ ప్రింట్ అడిగితే "అది కాలేజీ కాపీ" అన్నారు. తరగతులు మొదలైనాక చూస్తే ఎకనామిక్స్ క్లాసు ఎక్కడా లేదు. పాపని తీసుకుపోయి బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్‌లో కూర్చోబెట్టినారు. రెండ్రోజుల్లో సర్దుతాం అన్నారు, సర్దలేదు. సివిల్స్ క్లాసు అంటే సాయంత్రం హాల్లో టీవీ పెట్టి వీడియోలు వెయ్యడమంట. కొండ మీద లడ్డూ కౌంటర్లో కూడా టోకెన్ చూసే లడ్డూ ఇస్తారు, వీళ్లు ఎకనామిక్స్ టోకెన్ తీసుకుని బీకాం చేతిలో పెట్టినారు.

ఈరోజు నేనూ బావా పోయినాం. ప్రిన్సిపాల్ మీటింగులో ఉన్నాడంట, ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ దగ్గరికి పొమ్మన్నారు. పాప కూడా మాతోనే ఉంది. ఎకనామిక్స్ లేదంటే సర్టిఫికెట్లు ఇచ్చేయండి, వేరే చోట చేర్చుకుంటాం అని మర్యాదగానే అడిగినా. ఆయన లేచి బీరువా తెరిచి, పాప ఫైలు తీసి, ఇంటర్ మెమో, టీసీ మాకు కనపడేట్టు పైకెత్తి, మళ్లీ లోపల పెట్టి తాళం వేసినాడు. "సర్టిఫికెట్లు భద్రంగా ఉన్నాయి సార్. కావాలంటే మిగిలిన ఏళ్ల ఫీజు కట్టి తీసుకుపోండి" అన్నాడు. బావ చేతులు జోడించి "సార్, పాపకి ఎకనామిక్స్ కావాలి సార్" అంటే, ఆ మనిషి పాప వైపు తిరిగి ఏమన్నాడో తెలుసా? "బీఏ చదివి ఎవరు బాగుపడినారు మా? అంత ఇష్టమైతే యూట్యూబ్‌లో చూసుకో."

ఆయన వెనక గోడ మీద ఇదే కాలేజీ బోర్డు. 'మీ బిడ్డను కలెక్టర్‌ను చేద్దాం' అని రాసుంది. పాప గమ్మున ఆ బోర్డునే చూస్తా ఉంది. బావ ఇంకా చేతులు జోడించే ఉన్నాడు, దించండి అని నేను చెప్పాల్సి వచ్చింది. డబ్బు పోతే పోయింది, ఆ చేతులు మాత్రం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని కాలేజీలకి రూల్స్ పెట్టే ఢిల్లీ సంస్థ యూజీసీ చెప్పింది కదా అంటే "అది ఢిల్లీ రూలు సార్, ఇక్కడ మేనేజ్‌మెంట్ రూలు" అంట. యూజీసీ 2018లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది, సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాల. అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందే మానుకుంటే ప్రాసెసింగ్ ఖర్చు కింద 5 శాతం లోపు, ఎక్కువలో ఎక్కువ 5 వేలు పట్టుకుని మిగతాదంతా వెనక్కి ఇవ్వాల. ఆ తర్వాత 90 శాతం, 80, 50 అని తగ్గుతా పోతుంది. ఆఖరు తేదీ దాటి నెల పైనైతే ఇక ఏమీ రాదు. అందుకే వీళ్లు "వచ్చే వారం రండి" అని తిప్పుతా ఉంటారు, తేదీ దాటించేదానికి.

ఎందుకిట్లా చేస్తున్నారంటే దానికీ లెక్క ఉంది. మునుపు హెచ్ఈపీ అని హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ మూడూ ఒకే గుంపుకి చెప్పేవాళ్లు. 2023-24లో సింగిల్ మేజర్ అని, అంటే డిగ్రీలో ఒక్కటే ముఖ్య సబ్జెక్టు, పెట్టినాక ఒక్కో మేజర్‌కి విడిగా పిల్లలు కావాల, విడిగా లెక్చరర్ కావాల. నలుగురైదుగురు పిల్లల కోసం జీతమిచ్చి ఎకనామిక్స్ మనిషిని పెట్టేదానికన్నా వాళ్లని బీకాంలో కలిపేస్తే మిగులు. అది మాకు ముందే చెప్పి ఉంటే దండం పెట్టి వచ్చేసేవాళ్లం. ఫ్లెక్సీలో బీఏ పెట్టి ఎర వెయ్యడం దేనికి?

సోషల్ సైన్సులు చదవాలనుకునే పిల్లలుంటే ముందు ఎస్వీ ఆర్ట్స్, గోవిందరాజ స్వామి కాలేజీ, ఆడపిల్లలైతే పద్మావతి, చిత్తూరు వైపు వాళ్లైతే పీవీకేఎన్ గవర్నమెంట్ కాలేజీ, వీటిని అడిగి చూడండి. ప్రైవేటులోనే చేర్చాలంటే ఫ్లెక్సీ చూడొద్దు, ఆ మేజర్‌లో సెకండియర్ చదివే ఒక్క పిల్లనైనా చూపించమనండి. చూపించలేకపోతే లేచి వచ్చేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. అలాట్‌మెంట్ లెటర్ మీరే డౌన్‌లోడ్ చేసి మేజర్ పేరు చదవండి. ఒరిజినల్స్ ఇవ్వొద్దు, జిరాక్సులు చాలు.

యూజీసీ వాళ్ల ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ ఈ-సమాధాన్‌లో కంప్లైంటు పెట్టేసినా. సోమవారం తిరుపతి కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తాం. ఇట్లానే ఇరుక్కున్న పిల్లలు ఇంకా ఉన్నారని పాప చెప్తా ఉంది. వాళ్ల అమ్మానాన్నలు ఎవరైనా ఇది చదువుతుంటే మెసేజ్ పెట్టండి, రసీదు జిరాక్సు తీసుకుని పొద్దున పదికల్లా వస్తే అందరం కలిసే లోపలికి పోదాం.